తాళం వేసిన గది, కొత్తగా వచ్చిన కోడలు

2005 ఏప్రిల్ 14న విడుదలైన ‘చంద్రముఖి’ చెన్నై మౌంట్ రోడ్డు మీది శాంతి థియేటర్లో 800 రోజులకు పైగా ఆడింది. రజనీకాంత్ ఉన్నాడు కాబట్టి ఆడిందనేవాళ్లున్నారు. కానీ అదే కథ 1993లో మలయాళంలో ‘మణిచిత్రతాళు’గా, 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా, 2007లో హిందీలో ‘భూల్ భులయ్యా’గా వచ్చి, వెళ్లిన ప్రతిచోటా జనాన్ని కూర్చోబెట్టింది. హీరోలు మారారు, ఊళ్లు మారాయి. మారనిది ఒక పాత మేడ, అందులో తాళం వేసిన గది, ఆ గది మాట ఎత్తగానే ముఖం తిప్పుకునే పెద్దవాళ్లు.

ఈ రకం కథల విషయంలో చెన్నైలోని ఒక తెలుగు కుటుంబంలో పిన్నికీ అక్క కొడుక్కీ బొత్తిగా పడదు. ఆవిడ వడపళనిలో ఒక తెలుగు పత్రికలో ఏళ్ల తరబడి సీరియళ్ల ప్రూఫులు దిద్ది రిటైరయ్యారు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడింట్లోనూ దెయ్యాల మేడల నవలలు దొరికినవన్నీ చదివిన మనిషి. అతను హైకోర్టులో సివిల్ లాయరు. పార్టిషన్ సూట్లు, వీలునామా తగాదాలు, దత్తత చెల్లుతుందా చెల్లదా అన్న కేసులు, రోజూ ఇవే పని. ఆవిడకు ఆ నవలలంటే ప్రాణం. అతనికి ఒళ్లు మంట. ఒక సాయంత్రం ఇద్దరూ పట్టుబట్టి వాదించుకున్నారు. ఇద్దరి మాటల్లోనూ వినదగ్గ సంగతులున్నాయి.

“నీ నవలల్లో ఇళ్లన్నీ ఒకటే పిన్నీ,” అని మొదలుపెట్టాడు లాయరు. “పాడుబడ్డ బంగళా, వాన, కరెంటు పోవడం, మేడ మీద ఎవరో నడుస్తున్న చప్పుడు. చివరికి తేలేదేమిటి? తాతగారు ఎవరినో చంపి గోడలో పెట్టాడని. నేను చూసే ఇళ్లలో అంతకంటే పెద్ద గుట్లు ఉంటాయి. ఒక్క ఇంట్లోనూ దెయ్యం కనపడలేదు.”

“నీ దగ్గరికి వచ్చేసరికి కాగితాలే మిగులుతాయి కదరా. పడాల్సిన వాళ్లు అప్పటికే పడాల్సినవన్నీ పడి ఉంటారు,” అన్నారావిడ. “నవల అంతకు ముందే మొదలవుతుంది. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆ రోజుల సంగతి నీ ప్లెయింటులో ఎక్కడుంటుంది?”

అక్కణ్నుంచి ఆవిడ మూలానికి వెళ్లారు. ఇంగ్లీషులో గోథిక్ అనే ఈ కోవ నవలల్లో మొదటిదిగా చెప్పుకునే ‘ది క్యాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ 1764లో వచ్చింది. రాసిన హొరేస్ వాల్పోల్ పాత కోటల తీరులో సొంత ఇల్లు కట్టించుకున్నవాడు. మొదటి ముద్రణలో తన పేరు వేసుకోలేదు, ఎక్కడో దొరికిన పాత ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని చెప్పాడు. పాఠకులు ఎగబడ్డాక రెండో ముద్రణలో ఒప్పుకున్నాడు. కథలో పెళ్లికొడుకు మీద ఆకాశం నుంచి రాక్షస ప్రమాణం ఉన్న శిరస్త్రాణం పడుతుంది. బొమ్మలు కదులుతాయి. ఇంత హడావుడి వెనక ఉన్న రహస్యం మాత్రం చిన్నది: ఇప్పటి ప్రభువు తాత అసలు యజమానికి విషం పెట్టి, దొంగ వీలునామా పుట్టించి కోటను కాజేశాడు.

“అంటే ఫోర్జరీ కేసు!” లాయరు ముఖం వెలిగింది. “అదే నేననేది. దానికి శిరస్త్రాణం ఎందుకు? వీలునామా మీద సంతకం చూస్తే చాలు.”

“ఎవరు చూస్తారు? మూడో తరం వచ్చేసింది. నీ చట్టం ఏమంటుంది, ఆస్తి స్వాధీనం కోసం ఎన్నేళ్లలోపు దావా వెయ్యాలి?”

“పన్నెండేళ్లు. 1963 లిమిటేషన్ చట్టం.”

“దెయ్యానికి లిమిటేషన్ లేదు,” అన్నారావిడ.

లాయరు ఆ మాటకు కాసేపు ఆగాడు. కానీ వెనక్కి తగ్గే రకం కాదు. మనవాళ్ల అసలు గోథిక్ కథలు చదవాలంటే నవలల షాపుకు కాదు, హైకోర్టు లైబ్రరీకి వెళ్లాలని అతని వాదం. రుజువుగా పిఠాపురం కేసు ఎత్తాడు.

పిఠాపురం రాజా గంగాధర రామారావు సంతానం లేక ఒక అబ్బాయిని దత్తత చేసుకున్నారు. తరవాత 1885లో కొడుకు పుట్టాడు. రాజా తన జమీందారీని ఆ కొడుక్కి చెందేలా వీలునామా రాశారు. రాజా పోయాక దత్తపుత్రుడు కోర్టుకెక్కారు. ఆ పిల్లవాడు అసలు రాజాకు పుట్టినవాడే కాదన్నది ఆయన వాదనల్లో ఒకటి. కేసు మద్రాసు హైకోర్టు దాటి లండన్లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1899లో దత్తపుత్రుడు ఓడిపోయారు. విభజనకు లొంగని జమీందారీని వీలునామా ద్వారా తనకు నచ్చినవారికి ఇచ్చే హక్కు రాజాకు ఉందన్న న్యాయసూత్రం మీద తీర్పు నిలబడింది. ఆ పిల్లవాడే పెద్దై తెలుగువాళ్లందరికీ తెలిసిన పిఠాపురం మహారాజా సూర్యరావు బహద్దూర్ అయ్యారు. ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ ఆయన పేరు మీదే ఉంది.

“లా కాలేజీలో ఇప్పటికీ చెప్పే కేసు ఇది,” అన్నాడు లాయరు. “దత్తత, లేకలేక పుట్టిన కొడుకు, అంతఃపురం మీద అనుమానం, సముద్రాలు దాటిన తగాదా. నీ నవలలో ఇంతకంటే ఏం కావాలి? ఇందులో ఒక్క తలుపూ కిర్రుమనలేదు.”

“కావలసింది ఉంది. ఆ అంతఃపురంలో ఉన్న ఆడవాళ్లు ఏమనుకున్నారు? దత్తుకు తెచ్చుకున్న అబ్బాయి, ఇంట్లో తొట్టెల వేసిన రోజు రాత్రి ఏ గదిలో పడుకున్నాడు? దాసీలు ఏం గుసగుసలాడుకున్నారు? నీ తీర్పుకు ఆ సంగతులు అక్కర్లేదు, సూత్రం ఒక్కటి చాలు. నాకు అవే కావాలి. నవలలు చదివేవాళ్లకీ అవే కావాలి.”

ఈ చోట పెద్దావిడ వైపే మొగ్గు చూపాలి. కోర్టు ఒక ఇంటి గుట్టును బయటికి లాగుతుంది, నిజమే. కానీ తనకు అవసరమైనంత మేరకే లాగుతుంది. ఆ ఇంట్లో బతికినవాళ్ల భయం లా రిపోర్టుల్లోకి ఎక్కదు.

ఆవిడ అసలు వాదన తరవాత మొదలైంది. ఈ నవలలు దెయ్యాల గురించి కావు, కొత్తగా ఇంట్లో అడుగుపెట్టిన ఆడపిల్ల గురించి అని ఆవిడ నమ్మకం.

“షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’ 1847లో రాసింది. ఆ పిల్ల థార్న్‌ఫీల్డ్ అనే పెద్ద ఇంటికి పంతులమ్మగా వెళుతుంది. మూడో అంతస్తులోంచి నవ్వు వినిపిస్తుంది. అదెవరని అడిగితే పనిమనిషి అంటారు. పెళ్లి పీటల దాకా వెళ్లాక తెలుస్తుంది, ఆ ఇంటాయన మొదటి భార్య పైన బంధించి ఉందని. డాఫ్నీ డు మోరియే ‘రెబెకా’ 1938లో రాసింది. అందులో కొత్త కోడలికి పేరే లేదు. పుస్తకమంతా ‘నేను’ అనే చెబుతుంది, పేరు మాత్రం ఎక్కడా రాదు. చచ్చిపోయిన మొదటి భార్య పేరు మాత్రం అట్ట మీద ఉంటుంది. ఇంటి పెత్తనం చేసే డాన్వర్స్ అనే ఆవిడ ఆ చనిపోయినామె గదిని అలాగే అట్టిపెట్టి, కొత్త కోడలికి చూపిస్తుంది. దువ్వెన్లు ఎక్కడివి అక్కడే, రాత్రి వేసుకునే గౌను ఆమె చివరిసారి విప్పినప్పటి ముడతలతోనే. ఆ అధ్యాయంలో దెయ్యం లేదురా. చదువుతుంటే మాత్రం చేతులు చల్లబడతాయి.”

“ఇంగ్లీషు దొరల ఇళ్ల సంగతి మనకెందుకు?”

“మనకే ఎక్కువ కావాలి. మన ఇళ్లలో కోడలికి ఎవరు ఏం చెబుతారు? అత్తగారి తోడికోడలు నూతిలో ఎందుకు పడింది, పెదమామగారు ఇల్లు వదిలి ఎందుకు పోయాడు, ఆ ఫొటోలో ఒక మనిషిని ఎందుకు కత్తిరించారు, అడిగితే పెద్దల మాటలు నీకెందుకంటారు. పదేళ్లు కాపురం చేశాక ఏ పాలమనిషో, ఏ పక్కింటావిడో చెబితే తెలుస్తుంది. ఈలోగా ఆ ఇంట్లో పడుకోవాలి, వండాలి, పిల్లల్ని కనాలి. తెలియని ఇంట్లో చీకటి పడ్డాక లేచి మంచినీళ్లకు వెళ్లిన ప్రతి ఆడదీ ఆ నవలలో మొదటి అధ్యాయం బతికినట్టే. ప్రూఫులు దిద్దే రోజుల్లో సీరియల్ తరవాయి భాగం ఏమవుతుందని అడుగుతూ ఉత్తరాలు రాసినవాళ్లలో గృహిణులే ఎక్కువ కనిపించేవారు నాకు.”

లాయరు దగ్గర దీనికి చట్టం ఉంది. కోడలికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా లేకపోయినా, కాపురం చేసే ఇంట్లో ఉండే హక్కును 2005 గృహహింస చట్టం ఇచ్చిందనీ, ఆ ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా ఆ హక్కు వర్తించవచ్చని సుప్రీంకోర్టు 2020లో చెప్పిందనీ వివరించాడు. కూతుళ్ల వాటా సంగతీ చెప్పాడు: ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి, తమిళనాడులో 1989 మార్చి 25 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు. దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి.

“2005 సెప్టెంబరా?” అన్నారావిడ. “అప్పటికి శాంతి థియేటర్లో ‘చంద్రముఖి’ ఆడుతూనే ఉంది.”

ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ రుజువు చెయ్యలేరు. ఆవిడా ఆ మాట అనలేదు. కానీ ఆ సినిమాలో గది తాళం తీసేది ఎవరు? ఇంటి కోడలు గంగ. మేడ కొని కాపురానికి తెచ్చింది భర్త. ఆ గది జోలికి వెళ్లొద్దని చెప్పినవాళ్లే తప్ప ఎందుకు వెళ్లకూడదో విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ. లోపల ఉన్నది వేట్టయన్ రాజు బలవంతంగా తెచ్చుకుని, ప్రేమించినవాణ్ని కళ్లముందే చంపించి, మంటల్లో వేసిన నర్తకి కథ. ఒక ఇంటికి తీసుకురాబడిన ఆడది, ఆ ఇంటికి ఎన్నో ఏళ్ల కిందట తీసుకురాబడిన మరో ఆడదాన్ని కలుసుకుంటుంది.

ఆవిడ ఇంకో సంగతి బయటపెట్టారు. చెన్నై తెలుగువాళ్లు దీన్ని తప్పక గమనించాలి.

“మలయాళంలో ఆ నర్తకి నాగవల్లి. తంజావూరు నుంచి తెచ్చిన మనిషి, తమిళం మాట్లాడుతుంది. తమిళంలో తీసేటప్పుడు ఆమెను తెలుగుదాన్ని చేశారు. తమిళ సినిమాలో ‘రా రా’ పాట తెలుగులో ఉంటుంది, భువనచంద్ర రాశాడు. కన్నడంలోనూ తెలుగే. హిందీలో ఆమె బెంగాలీ మంజులిక. ‘చంద్రముఖి’ని తెలుగులోకి డబ్ చేసినప్పుడు చూడు, ఆ పాట తమిళంలోకి వెళ్లిపోయింది! ఒకే ఊళ్లో, ఒకే సినిమాకు, తమిళ హాల్లో దెయ్యం తెలుగు, తెలుగు హాల్లో దెయ్యం తమిళం.”

“అదే తప్పంటాను,” లాయరు అందుకున్నాడు. “పరాయి భాషదాన్ని దెయ్యాన్ని చెయ్యడం. మనింటికి కీడు పక్కూరి నుంచి వచ్చిందని చెప్పుకోవడం.”

“సరిగ్గా చూడు. కీడు చేసింది ఎవరు? ఇంటి యజమాని. నర్తకి చచ్చిపోయిన మనిషి. పరాయి భాష ఎందుకంటే, ఆ ఇంట్లో ఆమె గోడు వినే దిక్కు లేదు కాబట్టి. నేను పెళ్లయి చెంగల్పట్టు వైపు పల్లెకు వెళ్లినప్పుడు చుట్టుపక్కల ఒక్కరికి తెలుగు రాదు. నాకు అరవం రాదు. వంటింట్లో నాతో నేనే మాట్లాడుకునేదాన్ని. ఆ పాట హాల్లో విన్నప్పుడు నా పక్కన కూర్చున్న తమిళావిడ భయపడింది. నాకు భయం వెయ్యలేదు, ఏడుపొచ్చింది.”

లాయరు దీనికి బదులు చెప్పలేదు. అతని కోపం అసలు వేరే చోట ఉంది.

“నువ్వు చెప్పే నవలలు మంచివే అనుకో పిన్నీ. చదివే వందమందిలో నీలా చదివేవాళ్లు ఎందరు? యండమూరి ‘తులసిదళం’ మాటేమిటి? ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు ఊళ్లకు ఊళ్లు ఊగిపోయాయి. అందులోనూ ఆస్తే కదా మూలం? ఒక పసిపిల్లకు రావలసిన డబ్బు కోసం చేతబడి చేయిస్తారు. ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని రంగనాయకమ్మ పుస్తకమే రాసింది. ఊరికే రాసిందా? తెలంగాణ పల్లెల్లో బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల పళ్లూడగొట్టారు, చంపారు. అక్కడ కథ చదివి భయపడి ఊరుకోరు. ఎవరో ఒక ముసలిదాన్ని వెతుక్కుంటారు.”

“యండమూరి నవలకీ పల్లెలో హత్యకీ నేరుగా ముడి పెట్టకు.”

“పెట్టను. కానీ పూనకం, దెయ్యం పట్టడం అన్న ఆలోచన ఎక్కడికి తీసుకెళుతుందో చెబుతాను విను. 2001 ఆగస్టు 6. రామనాథపురం జిల్లా ఎర్వాడి. దర్గా దగ్గర మానసిక రోగుల్ని ఉంచే షెడ్డుకు తెల్లవారుజామున నిప్పంటుకుంది. రోగుల్ని గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది చచ్చిపోయారు. వాళ్లను అక్కడ దింపిపోయింది ఎవరు? సొంత ఇంటివాళ్లు. దెయ్యం పట్టింది, గాలి సోకింది అని తీసుకొచ్చారు. ఇదే రాష్ట్రంలో, 1794లో మొదలైన మానసిక వైద్యశాల మన కీల్పాక్‌లో ఉంది. జేన్ ఐర్ నవలలో మేడ మీద కట్టేసిన ఆ భార్యకు ఏ జబ్బో, ఏ వైద్యమో ఎవరైనా ఆలోచించారా? నువ్వు చెప్పిన అందమైన నవల ఆమెను మంటల్లోంచి దూకించి చంపి, హీరోయిన్‌కి దారి చేసింది.”

ఈ దెబ్బ గట్టిదే. సాహిత్యం నుంచే దీనికి జవాబు వచ్చిందని పెద్దావిడకు తెలుసు. జీన్ రీస్ అనే రచయిత్రి ఆ బంధించిన భార్య వైపు నుంచి 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ రాసింది. కరీబియన్ దీవుల్లో పుట్టిన ఆ అమ్మాయిని కట్నం కోసం కట్టుకుని, ఆమె పేరు కూడా మార్చేసి, ఇంగ్లండు తెచ్చి పడేసిన కథ. ఆవిడ ఆ మాట చెప్పి, ఒక సంగతి ఒప్పుకున్నారు.

“దెయ్యం ఉన్న నవలలన్నీ ఒకటి కావు. చచ్చినవాళ్లు వచ్చి ‘నన్ను చంపింది వీళ్లే’ అని చెప్పే కథ ఒకటి. బతికున్న ముసలమ్మను చూపించి ‘ఇదే మంత్రగత్తె’ అనే కథ ఇంకొకటి. మొదటిది ఇంటి పెద్దను నిలదీస్తుంది. రెండోది దిక్కులేనిదాన్ని చంపిస్తుంది. రెండోదాన్ని నేను సమర్థించను. ‘తులసిదళం’ ప్రూఫు నా చేతికి వచ్చి ఉంటే నేనూ ఊపిరి బిగబట్టే చదివేదాన్ని, ఆ సంగతి దాచను. రంగనాయకమ్మ అడిగిన ప్రశ్న కూడా కొట్టిపారేసేది కాదు.”

ఈ తేడా చాలా విలువైనది. మన విమర్శకులు ఈ రెండు రకాలనూ కలిపి క్షుద్ర సాహిత్యం అని ఒకే గాటన కట్టేశారు. ఆ గాటన కట్టడంలో ఇంటి గుట్టు విప్పే నవల కూడా పరువు పోగొట్టుకుంది. తమిళంలో అలా జరగలేదు. సుజాత ‘కొలైయుదిర్ కాలం’ కుముదంలో సీరియల్‌గా వచ్చింది. ఆస్తికి వారసురాలైన అమ్మాయి, ఎస్టేటు, కనిపించే ఆకారం. అది దెయ్యమా, విజ్ఞానశాస్త్రమా అన్న వాదనే కథను నడుపుతుంది. సుజాతను ఆ నవల రాసినందుకు ఎవరూ చిన్నచూపు చూడలేదు. ఇందిరా సౌందర్‌రాజన్ ‘మర్మదేశం’ టీవీలో ఇంటింటా చూశారు. 2008లో చెన్నై ప్రచురణ సంస్థ బ్లాఫ్ట్ తమిళ పల్ప్ కథల్ని ఇంగ్లీషులో సంకలనంగా తెచ్చి ప్రపంచానికి చూపింది. మనవైపు చందమామలో బేతాళుణ్ని భుజాన వేసుకుని నడిచిన విక్రమార్కుడితో పెరిగిన తరాలున్నాయి. ఆ పత్రిక 1947 జులైలో ఈ మద్రాసులోనే పుట్టింది. శవం ప్రశ్న అడుగుతుంది, బతికున్నవాడు న్యాయం చెప్పాలి. ఇంతకంటే మంచి పునాది ఏ భాషకుంది?

లాయరు మరో వైపు నుంచి వచ్చాడు. “ఆళ్వార్‌పేటలో డి మోంటే కాలనీ సంగతి చూడు. జాన్ డి మోంటే అనే వ్యాపారి రెండు వందల ఏళ్ల కిందటి మనిషి. ఆస్తి చర్చికి రాసిచ్చి పోయాడు. తరవాతెప్పుడో అక్కడ కట్టిన ఇళ్లు ఖాళీగా పాడుబడితే, ఆయనకీ ఆయన కుటుంబానికీ లేనిపోని కథలు కట్టారు. 2015లో సినిమా తీశారు, 2024లో రెండో భాగం కూడా వచ్చింది. దానం చేసిన మనిషి పేరు దెయ్యానికి అంటుకుంది. చచ్చినవాడు పరువునష్టం దావా వెయ్యలేడు.”

“అది అన్యాయమే,” అన్నారావిడ వెంటనే. “అందుకే నిజమైన ఇంటి పేరు పెట్టకూడదు. థార్న్‌ఫీల్డ్ కల్పన, రెబెకాలో మాండర్లీ కల్పన.”

“‘పిజ్జా’ చూశావుగా, 2012లో కార్తీక్ సుబ్బరాజ్ తీసింది? అందులో దెయ్యాల బంగళా కథంతా పిజ్జా కుర్రాడు వజ్రాలు కొట్టెయ్యడానికి అల్లిన అబద్ధం. నా ఓటు దానికి.”

“నాకూ ఇష్టమే. కానీ నా ఓటు ‘యావరుం నలం’కి.”

2009లో విక్రమ్ కుమార్ తీసిన ఆ సినిమాను ఇక్కడ కాస్త దగ్గరగా చూడాలి. దెయ్యాల మేడను అది జమీందారు కోటలోంచి తీసి, లోను పెట్టి కొన్న ఫ్లాటులోకి తెచ్చింది. మాధవన్ కుటుంబం కొత్త అపార్ట్‌మెంట్‌లో 13బి నంబరు ఫ్లాటులో దిగుతుంది. అన్నదమ్ములు, వదిన, తల్లి, అందరూ కలిసి. లిఫ్టు అందరికీ పనిచేస్తుంది, అతను ఒక్కడూ ఎక్కితే కదలదు. పాలు రోజూ విరిగిపోతాయి. పూజగదిలో దేవుడి పటాలకు మేకు కొట్టబోతే దిగదు. మధ్యాహ్నం ఒంటిగంటకు టీవీలో ఒక సీరియల్ వస్తుంది. అందులో కొత్త ఇంట్లో దిగిన కుటుంబానికి ఏం జరుగుతుందో అదే వీళ్లకూ జరుగుతుంది. ఇంట్లో ఆడవాళ్లకు అది వట్టి సీరియల్. అతనికి ఒక్కడికే అర్థమవుతుంది. అపార్ట్‌మెంట్ కట్టక ముందు అదే స్థలంలో ఉన్న ఇంట్లో ఒక కుటుంబమంతా హత్యకు గురైందని చివరికి తేలుతుంది.

“ఇక్కడ పూర్వీకుల పాపం కాదు, ముందున్నవాళ్ల గతి,” అన్నారావిడ. “మన ఊళ్లో ఇప్పుడు ఎవరింట్లో ఎవరుంటున్నారు? పాత ఇల్లు పడగొట్టి బిల్డర్‌కిస్తారు. అక్కడ ఎవరు పుట్టారు, ఎవరు చచ్చారు, కొనేవాడికి తెలియదు. నెలనెలా ఈఎంఐ కట్టుకుంటూ ఉంటాడు. పాలు విరిగితే ఫ్రిజ్ పాడైందనుకుంటాడు.”

“పాడయ్యే ఉంటుంది,” అన్నాడు లాయరు. కానీ ఆ సినిమా తనకూ నచ్చిందని ఒప్పుకున్నాడు. అందులో నేరం ఉంది, నేరస్తుడు మనిషి, అతను దొరుకుతాడు.

‘అరుంధతి’ దగ్గర మాత్రం ఇద్దరూ కలిశారు. 2009 జనవరిలో వచ్చిన కోడి రామకృష్ణ సినిమా. కథ గద్వాల సంస్థానానిది, కోటగా చూపించింది బనగానపల్లె నవాబు బంగళా. గోరీలో బతికుండగా పాతిపెట్టిన పశుపతి ఆ ఇంటికి బయటివాడు కాదు, ఇంటల్లుడు. ఆడవాళ్లను చెరిచినా, ప్రాణాలు తీసినా చుట్టరికం అడ్డుపెట్టుకుని తిరిగినవాడు. అక్కడ దెయ్యం ఆడది కాదు. ఆడది దాన్ని ఓడించే మనిషి. తెలుగు ప్రేక్షకులు ఆ సినిమాను నెత్తిన పెట్టుకోవడానికి గ్రాఫిక్సే కారణమని చాలామంది రాశారు. ఇంటల్లుడు చేసే దుర్మార్గాన్ని పరువు కోసం కడుపులో పెట్టుకున్న కుటుంబాలు మన రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో ఆలోచిస్తే ఆ కారణం చాలదనిపిస్తుంది.

“సినిమాలు సరే,” అన్నాడు లాయరు. “నవల ఏది పిన్నీ? నువ్వు చెప్పిన కొత్త కోడలి కథ, మద్రాసు తెలుగింట్లో జరిగేది, తెలుగులో ఎవరు రాశారు?”

పెద్దావిడ ఆలోచించారు. తాను చదివినవాటిలో అలాంటిది తగల్లేదని చెప్పారు. తెలుగు సీరియళ్లలో మేడలు ఉండేవి. రెండు వైపులా మెట్లు దిగే పెద్ద హాలు, పైన వరుసగా గదులు. ఆ ఊహ చాలావరకు వడపళని స్టూడియోల్లో వేసిన సెట్ల నుంచి వచ్చిందని ఆవిడ అభిప్రాయం. ఏవీఎం వాళ్లు 1967లో తమిళంలో ‘అదే కణ్‌గళ్’, తెలుగులో ‘అవే కళ్లు’ ఒకేసారి తీసి ఒక పెద్దింట్లో వరస హత్యలు చూపించారు. ఆ మేడలో వంటిల్లు ఎక్కడుందో, బావి ఎక్కడుందో, ఎవరి పేరు మీద ఉందో ప్రేక్షకుడికి తెలియదు. జార్జ్‌టౌన్‌లో తరాలుగా తెలుగు మాట్లాడిన కుటుంబాల ఇళ్లు అలా ఉండవు. వీధిలోకి ఇరుకు వాకిలి, లోపల మండువా, వెనక చీకటి కొట్లు, ఒక్కో గదికి ఒక్కో వాటాదారు. అలాంటి ఇల్లు మన నవలలోకి రావాలని ఆవిడ కోరిక.

“రాసేవాళ్లకు నేను సాయం చేస్తాను,” అన్నాడు లాయరు, ఈసారి పట్టుదలగా. “దెయ్యంతో మొదలుపెట్టొద్దు, ఈసీతో మొదలుపెట్టమను. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆ స్థలం ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, ఎవరు తనఖా పెట్టారు, వరుసగా ఉంటుంది. పార్టిషన్ డీడు తీస్తే నలుగురు అన్నదమ్ములుంటారు. తరవాతి పత్రంలో ముగ్గురే ఉంటారు. నాలుగోవాడు ఏమయ్యాడు? రిలీజ్ డీడులో ఆడపడుచు తన హక్కు వదులుకున్నానని వేలిముద్ర వేసి ఉంటుంది. అదే ఆవిడ అంతకు ముందు పత్రంలో సంతకం చేసి ఉంటుంది. చదువొచ్చిన మనిషి వేలిముద్ర ఎందుకు వేసింది? నేను కోర్టులో దాన్ని చెల్లదని కొట్టేయించగలను. ఆ రోజు ఆ గదిలో ఏం జరిగిందో నాకు తెలియదు.”

“అది నేను చదువుతాను,” అన్నారావిడ.

వాళ్లిద్దరి తగాదా తీరలేదు. దెయ్యం లేకుండా రాయమని అతను, ఉంటే తప్పేమిటని ఆవిడ. కానీ ఇద్దరికీ కావలసిన పుస్తకం ఒకటే. చెన్నైలో ఉండి తెలుగులో రాస్తున్నవాళ్లు, ముఖ్యంగా ఈ ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్లు, దాన్ని తలకెత్తుకోవాలి. ఇళ్ల పేర్లు, మనుషుల పేర్లు మార్చండి. పత్రాలు మాత్రం నిజమైనవే చదవండి. తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1975 నుంచి ఈసీ వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆ ప్రాంతపు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి వెతికించుకోవాలి.